ఇల్లూ వాకిలీ – పాఠకుల ప్రశ్నలు: మట్టిని చూపించి అడగండి

గత సంచికలో కాల్చని మట్టి ఇటుకల గురించి రాసినప్పుడు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. విశేషమేమిటంటే, తాతల నాటి మట్టి ఇళ్లను తలచుకుంటూ రాసిన వారిలో చాలామంది అదే ఉత్తరంలో కృత్రిమ మేధ (ఏఐ) గురించి కూడా అడిగారు. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. తాతగారు కట్టిన మట్టిమిద్దె ఒక పక్క కూలిపోయింది. ఆ మట్టితోనే ఇటుకలు చేసుకుని కొత్త ఇల్లు కట్టుకుందామని ఫోనులో ఏఐని అడిగితే, ఇసుక 70 పాళ్లు, బంకమన్ను 30 పాళ్లు, దానికి 10 శాతం సిమెంటు కలపమని క్షణంలో చెప్పింది. మా ఊరి మేస్త్రి మాత్రం మట్టి చూడనిదే ఏమీ చెప్పలేనంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మేస్త్రి మాటే వినండి. ఏఐ మీకు అబద్ధం చెప్పలేదు. ఎందరో ఎక్కడెక్కడో రాసిన వాటిని కలిపి సగటున చెప్పదగిన మాటే చెప్పింది. అయితే మీ మట్టి ఏమిటో మీరు దానికి చెప్పలేదు, అది మిమ్మల్ని అడగనూ లేదు. నాడి పట్టకుండా మందు రాసే వైద్యుణ్ణి మనం ఎంతవరకు నమ్ముతామో దీన్నీ అంతవరకే నమ్మాలి.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. కూలిన మట్టిమిద్దెలో ఉన్నది ఒక మట్టి కాదు, రెండు. గోడలది ఒకటి, దూలాలూ దంతెలూ పరిచి వాటిమీద కప్పుగా వేసిన చవుడు మట్టి మరొకటి. చవుడులో సోడియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. తడి తగలగానే అందులోని సన్నని బంక రేణువులు విడివడి, సందులన్నిటినీ పూడ్చేసి నీటిని కిందికి దిగనివ్వవు. సీమలో మిద్దెలు కారకుండా నిలిచింది ఈ గుణం వల్లనే. వానలకు ముందు పైన కొత్తగా చవుడు చల్లడం, మొలిచిన గడ్డి పీకడం ఆ ఇంటివాళ్ల పనిగా ఉండేది. కానీ కప్పుకు మేలు చేసిన ఈ గుణమే గోడకు కీడు చేస్తుంది. నీటిలో విడివడిపోయే మట్టితో ఇటుక చేస్తే వాన జల్లు కొట్టినప్పుడల్లా అరిగిపోతుంది, లవణాలు పైకి ఉబికి పెచ్చులు రాలతాయి. అందుచేత ముందుగా కప్పు మట్టినీ గోడ మట్టినీ వేరువేరు కుప్పలుగా పోయించండి. గోడ మట్టిలో పాత గడ్డి, వేళ్లు ఉంటే జల్లెడ పట్టించండి. కుళ్లిన చెత్త ఉన్న మట్టిలో సిమెంటు సరిగా పట్టదు.

తరువాత మూడు పరీక్షలు చేయండి. మొదటిది సీసా పరీక్ష. నిటారుగా ఉన్న గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కు చేరుతుంది, దానిమీద ఒండ్రు, మరునాటికి బంక పేరుకుంటాయి. స్కేలు పెట్టి పొరల మందం కొలవండి. ఒండ్రుకూ బంకకూ మధ్య గీత అంత స్పష్టంగా కనబడదు కనుక రెండో పరీక్ష కావాలి. తడిపి పిసికిన మట్టిని చిటికెన వేలంత లావున కడ్డీలా చేసి, బల్ల అంచు మీదుగా మెల్లగా ముందుకు తోయండి. అయిదు సెంటీమీటర్ల లోపే తెగితే ఇసుక ఎక్కువ, పదిహేను దాటినా తెగకపోతే బంక ఎక్కువ. మూడోది, 60 సెంటీమీటర్ల పొడవు, నాలుగేసి సెంటీమీటర్ల వెడల్పు, లోతు ఉన్న చెక్కపెట్టెలో తడి మట్టి నింపి, ఆరాక ఎంత కుంచించుకుపోయిందో కొలవడం. మీ మేస్త్రి ఇలాంటి పరీక్షలనే పేరు పెట్టకుండా చేస్తూ ఉంటాడు. అరచేతిలో ముద్ద చేసి, వేళ్ల మధ్య నలిపి, ఒక్కోసారి పంటికింద వేసి చూసేది ఇందుకే.

ఈ కొలతలు చేతికి వచ్చాక ఏఐని అడగండి. అప్పుడు అది ఎంత ఇసుక కలిపితే ఏ పాళ్లకు వస్తుందో లెక్క కట్టగలదు. సిమెంటు కలిపి అదిమే ఇటుకకు, మట్టి కట్టడాలపై పనిచేసే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వారు చెప్పే మంచి మట్టి గులక 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 శాతం ఉన్నది. బంక అంతకన్నా బాగా ఎక్కువైతే సిమెంటుకు బదులు సున్నం మేలు. నల్లరేగడి అయితే తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది కనుక దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక ఆ 10 శాతం సిమెంటు సంగతి. ఒక ఘనమీటరు అదిమిన మట్టి ఇటుక సుమారు 1,900 కిలోలు తూగుతుంది. అందులో 5 శాతమంటే 95 కిలోల సిమెంటు, 10 శాతమంటే 190 కిలోలు. మామూలు ఇంటి స్లాబుకు వాడే కాంక్రీటులో ఘనమీటరుకు దాదాపు 320 కిలోలు పడుతుంది. అంటే సిమెంటు లెక్కన చూస్తే 10 శాతం కలిపిన మట్టి గోడ సగానికి పైగా కాంక్రీటు గోడే. ప్రపంచంలో మనుషులు వెలువరించే కార్బన్ డయాక్సైడులో 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. సున్నపురాయిని కాల్చినప్పుడు ఇంధనం నుంచే కాక రాయి నుంచి కూడా ఆ వాయువు విడుదల కావడం దీనికి కారణం. మంచి మట్టి దొరికితే 5 శాతం సరిపోతుంది. దొరకనప్పుడు సిమెంటు పెంచే కన్నా ఇసుక కలిపి మట్టిని సరిచేయడం మేలు.

ప్రశ్న: సోంపేట వైపు మా చిన్నప్పుడు చుట్టిళ్లు ఎక్కువ. గుండ్రంగా ఉన్నందువల్ల తుపానుకు తట్టుకుంటాయని మా నాయనమ్మ అనేది. ఇందులో నిజమెంత? దీన్ని కంప్యూటరు చెప్పగలదా?

జవాబు: మీ నాయనమ్మగారి మాటలో నిజం చాలా ఉంది. చదరపు ఇంటికి గాలి తగిలినప్పుడు మూలల దగ్గర, కప్పు అంచుల దగ్గర గాలి ఒక్కసారిగా విడిపోయి బలంగా లాగుతుంది. కప్పులు లేచిపోయేది ఎక్కువగా అక్కడినుంచే. గుండ్రటి గోడ చుట్టూ గాలి జారిపోతుంది, శంకువు ఆకారంలో ఉన్న తాటాకు కప్పుకు అన్ని వైపులా ఒకే వాలు ఉంటుంది, దాదాపు నేలను తాకేంత కిందికి దిగిన చూరు వల్ల గాలి కప్పు కింద దూరి ఎత్తే అవకాశం తగ్గుతుంది. గుండ్రటి గోడకు భూకంపంలోనూ ఒక మేలు ఉంది. కచ్‌లోని భుంగాలనే గుండ్రటి మట్టి ఇళ్లు 2001 జనవరి 26 నాటి భూకంపంలో చాలా వరకు నిలిచాయి. రెండు గోడలు కలిసే మూల లేదు కనుక అక్కడ విడిపోవడమనే సమస్య రాలేదు. అయితే గాలి వేరు, కంపం వేరు. ఒకదానికి తట్టుకున్నది రెండోదానికి తట్టుకుంటుందని అనుకోకూడదు.

కంప్యూటరు చెప్పగలదు. గాలి ప్రవాహాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి, అవి భౌతికశాస్త్ర సూత్రాలతో నడుస్తాయి. ఏఐ చేసేది వేరే పని. అలాంటి లెక్కలను వేల సంఖ్యలో చూసి నేర్చుకుని, కొత్త ఆకారం ఇస్తే గంటలు పట్టే లెక్కకు క్షణాలలో ఒక అంచనా చెబుతుంది. కప్పు వాలు ఎంతుండాలి, చూరు ఎంత దిగాలి, తలుపు ఏ దిక్కున ఉండాలి అని యాభై రకాలు ఒక్క సాయంత్రంలో పోల్చి చూడడానికి అది చాలా ఉపయోగం. కానీ వాసాలను నిట్రాటకు ఏ తాడుతో, ఎన్ని చుట్లు కట్టారో దానికి తెలియదు. తుపానులో ఇల్లు ఉండడం, పోవడం చాలాసార్లు ఆ కట్టు మీదే ఆధారపడి ఉంటుంది. మీ ఊరిలో చుట్టిల్లు ఇంకా మిగిలి ఉంటే దాని అడ్డుకొలత, గోడ ఎత్తు, నేలనుంచి చూరు దూరం, కట్టు వేసిన తీరు కొలిచి, ఫొటోలు తీసి ఉంచండి. అవి లేకుండా ఏ లెక్కా మొదలు కాదు.

ప్రశ్న: విజయవాడలో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. ఇటలీలో యంత్రంతో మట్టి ఇళ్లను ముద్రిస్తున్నారట. ఏఐ వస్తే మట్టి మేస్త్రుల పని పోయినట్లేనా?

జవాబు: మీ ప్రశ్నలో ముద్రణ యంత్రం, రోబో, ఏఐ మూడూ కలిసిపోయాయి. విడదీసి చూద్దాం. ముద్రణ యంత్రమంటే తడి మట్టిని నాజిల్ అనే గొట్టం మొన గుండా పొరమీద పొరగా పోసేది.

ఇటలీలో వాస్ప్ అనే సంస్థ 2018లో గైయా అనే చిన్న ఇంటి గోడలను ముద్రించింది. అందులో వాడినవి చూస్తే కృష్ణా డెల్టా పిల్లవాడికి నవ్వు రావాలి. అక్కడి మట్టి 25 శాతం, తరిగిన వరిగడ్డి 40, ఊక 25, మిగతా 10 సున్నం. మన ఊళ్లలో అడుసు తొక్కి గోడ పెట్టిన వాళ్లకు ఈ జాబితాలో కొత్త వస్తువేమీ కనబడదు. అదే సంస్థ మారియో కుచినెల్లా అనే ఆర్కిటెక్టుతో కలిసి 2021లో మస్సా లొంబార్దాలో టెక్లా అనే ఇంటిని దాదాపు 200 గంటల ముద్రణతో పూర్తిచేసింది. 12 మిల్లీమీటర్ల మందంతో 350 పొరలు పోసింది. ఇక్కడ నాజిల్ ఏ దారిన పోవాలో ముందే రాసి పెట్టిన ఆదేశాలే ముఖ్యం. దీన్ని ఏఐ కట్టిన ఇల్లు అనడం సరికాదు. ఆటోమేషన్‌కు మరో ఉదాహరణ స్విట్జర్లాండులోని బెర్న్‌లో ఉంది. జూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో అక్కడ ఒక రోబోతో 30,000కు పైగా మెత్తని బంకమట్టి ముద్దలను ఒకదానిమీద ఒకటి అదిమించి, 15 సెంటీమీటర్ల మందం, అయిదు మీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి గోడ లేపారు. ఆరేకొద్దీ ముద్ద కుంగుతుంది కనుక, తడి మట్టితో పనిచేసే యంత్రానికి కట్టిన గోడను చూసుకుంటూ తరువాతి ముద్ద చోటును నిర్ణయించుకోవడం అవసరమవుతుంది. మన మేస్త్రి ఒక వరుస పెట్టి, అది ఆరేదాకా ఆగి, చేత్తో తట్టి చూసి రెండో వరుస ఎత్తడం ఇదే తెలివి.

ముద్రించినంత మాత్రాన పర్యావరణానికి మేలని కూడా అనుకోవద్దు. సిద్దిపేట దగ్గర ముద్రించిన ఆలయం, 2023లో బెంగళూరులో ప్రారంభించిన తపాలా కార్యాలయం రెండూ కాంక్రీటువే. పైగా మట్టి ఇంటి ఖర్చులో పెద్ద భాగం కూలీగా ఊళ్లోనే మిగిలిపోతుంది. యంత్రం వస్తే ఆ డబ్బు బయటికి పోతుంది. పనివాళ్లు దొరకని చోట, మనుషులు నిలవలేని చోట యంత్రం రావాలి. మన దగ్గర మట్టి పని తెలిసిన వాళ్లు పని లేక తాపీ కూలీకి పోతున్నప్పుడు దాని అవసరం నాకు కనబడదు.

ఏఐ నుంచి నేను ఆశించేది మరొకటి ఉంది. ఈజిప్టులో హసన్ ఫతీ అనే ఆర్కిటెక్టు 1945లో లుక్సర్ దగ్గర న్యూ గోర్నా గ్రామం మొదలుపెట్టడానికి ముందు, కలప లేకుండా పచ్చి ఇటుకలతో కమాను కప్పు ఎలా వేయాలో తెలియక విఫలమయ్యాడు. చివరికి అస్వాన్ ప్రాంతంలో ఆ పని ఇంకా చేస్తున్న నూబియా మేస్త్రులు దొరికారు. వాళ్లు గోడకు ఏటవాలుగా ఒక్కొక్క ఇటుకా అతికిస్తూ ఏ దన్నూ లేకుండా కప్పు మూశారు. వాళ్లు మిగిలి ఉండబట్టి ఆ విద్య దక్కింది. మన చవుడు మిద్దె, చుట్టిల్లు, తెలంగాణ మట్టి గోడ తెలిసిన పెద్దవాళ్లు ఇప్పుడు చాలావరకు డెబ్బై దాటిన వాళ్లే. మీ చదువులో భాగంగా ఒక మేస్త్రి దగ్గర పది రోజులు ఉండండి. ఆయన మాటలు ఆయన యాసలోనే రికార్డు చేయండి. ఆయన “చాలు” అన్న ముద్దను తూచండి, తేమ కొలవండి, దాన్ని ఇటుక చేసి కళాశాల ప్రయోగశాలలో నలిపి బలం చూడండి. ఇలాంటివి కొన్ని వందలు కూడితే, మట్టి కొలతలు ఇస్తే ఇటుక బలం అంచనా వేసే ఏఐ నమూనాను మన మట్టికే తయారుచేయవచ్చు. ఏ దేశపు మట్టిమీదనో నేర్చుకున్న నమూనా మన ఎర్రమట్టిని, మన చవుడును చూసి ఏం చెబుతుందో కళ్యాణదుర్గం ఉత్తరంలోనే చూశాం కదా.

ప్రశ్న: మట్టి ఇటుకల ఇంటికి అనుమతి, బ్యాంకు రుణం వస్తాయా? (ఖమ్మం)

జవాబు: సిమెంటు కలిపి అదిమిన మట్టి ఇటుకకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1725 ఉంది, 2013లో దాన్ని సవరించారు. మట్టి ఇళ్లు భూకంపానికి తట్టుకునే జాగ్రత్తలపై ఐఎస్ 13827 ఉంది. మీ ఇటుకలను ఇంజనీరింగు కళాశాలలో పరీక్షింపజేసి, ఆ నివేదికతో ఇంజనీరు సంతకం చేసిన ప్లాను తీసుకువెళ్లండి. రుణం సంగతి పునాది తీయకముందే బ్యాంకులో అడగండి. ఇందులో ఏఐకి పనిలేదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. జగిత్యాల దగ్గర ఊళ్లో అమ్మానాన్నలకు మట్టి ఇల్లు కట్టించాలని ఏఐతో బొమ్మలు గీయించాను. చాలా అందంగా వచ్చాయి, పంపుతున్నాను. కట్టవచ్చునా?

జవాబు: బొమ్మలు చూశాను. అందంగా ఉన్నాయి, వాటిలో ఒక్కదానికీ చూరు లేదు. నేలనుంచి కప్పు దాకా నున్నటి మట్టి గోడ, పైన చదునైన కప్పు. ఇది న్యూ మెక్సికోలోనో మొరాకోలోనో ఉండదగిన ఇల్లు. మట్టి ఇల్లు అనగానే ఏఐ ఎడారినే గీస్తుంది, చూసినవాటిలో అవే ఎక్కువ కాబట్టి కావచ్చు. సీమలో చదును మిద్దె నిలిచిందంటే అక్కడ వాన తక్కువ, చవుడు అందుబాటులో ఉంది, ఏటా కప్పు చూసుకునే మనుషులు ఉన్నారు. జగిత్యాలలో అనంతపురానికి దాదాపు రెట్టింపు వాన పడుతుంది. అక్కడి పాత ఇళ్లకు గూనపెంకుల వాలు కప్పు, ముందుకు చాచిన చూరు, రాతి పునాది ఉండడం ఊరికే కాదు.

బొమ్మలను ఇలా మార్పించండి. నేలకు కనీసం రెండడుగుల ఎత్తు దాకా రాతి కట్టడం, దానిపైన మట్టి గోడ, చుట్టూ రెండున్నర అడుగులకు తగ్గని చూరు, పడమటి గోడ అన్నిటికన్నా మందంగా ఉండాలి. అడుగున్నర మందం గోడలో మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది కనుక, ఆ వేళకు గాలి ఆడేలా కిటికీలు ఎదురెదురుగా ఉండాలి. బయటి గోడకు సున్నపు పూత వేయించండి, సిమెంటు పూత వద్దు. అది లోపలి తడిని బయటికి పోనివ్వక కొన్నేళ్లకు మట్టితో సహా ఊడిపోతుంది. చెదల కోసం పునాది దగ్గరే జాగ్రత్త తీసుకోవాలి.

మీ ఉత్తరంలో ఏఐకి ఇచ్చిన ఆదేశాలన్నీ జతచేశారు, అమ్మగారు ఏమన్నారో మాత్రం ఎక్కడా లేదు. అరుగు ఎంత ఎత్తుంటే మోకాళ్లకు ఇబ్బంది లేకుండా కూర్చోగలరో, వాకిట్లో ఎండ ఏ వేళకు కావాలో ఆవిడను అడిగి, ఆ కొలతలతో రెండో బొమ్మ పంపండి.