బండి సందేహాలు: ఊరుకాని ఊళ్ళో ఇంజన్ పట్టేస్తే

ప్రశ్న: మాది రాయగడ. నేనూ మా తమ్ముడూ 150 సీసీ బండి మీద మల్కన్‌గిరి వెళ్ళి తిరిగి వస్తుండగా, గోవిందపల్లి ఘాట్ ఎక్కుడులో బండి ఊపు తగ్గింది. ఇంజన్ కటకటమని మోగింది. ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయి ఆగిపోయాం. అరగంట ఆగి కిక్ కొడితే కదల్లేదు. పికప్ వ్యానులో జయపురం చేర్చాం. అక్కడి మెకానిక్ ఇంజన్ దించి మొత్తం విప్పేశాడు. బోరు, పిస్టన్, క్రాంకు, క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చెయిన్ అన్నీ మార్చాలట. 16,500 అవుతుందనీ ముందు 8,000 పంపమనీ ఫోన్ చేస్తున్నాడు. మేం ఇంటికొచ్చేశాం, బండి అక్కడే ఉంది. పంపమంటారా? — ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఇప్పుడే పంపకండి. మీరు చెప్పినవన్నీ పిస్టన్ బోరులో (అది పైకీ కిందికీ ఆడే గొట్టంలో) పట్టేసిన గుర్తులే. క్రాంకు (పిస్టన్ ఆటను తిప్పుడుగా మార్చే ఇరుసు) కూడా పోయిందనడానికి మాత్రం మీ ఉత్తరంలో ఆధారం కనబడలేదు. బిల్లు పెరిగేది అక్కడే. పిస్టన్ పని అయితే చాలా 100, 150 సీసీ బళ్ళకు ఇంజన్ ఛాసిస్‌లోనే ఉంచి హెడ్డు (ఇంజన్ పైమూత), బ్లాకు (బోరు ఉండే దిమ్మ) తీసి చేసుకోవచ్చు. క్రాంకు మార్చాలంటే ఇంజన్ దించాలి, క్రాంకు ఉండే కేసు రెండుగా విడదీయాలి, బేరింగులు చూడాలి. సామానుకి తోడు కూలీ కూడా బాగా పెరుగుతుంది. అందుకే క్రాంకు సంగతి తేలేదాకా మిగతా లెక్క మాట్లాడి లాభం లేదు.

తేల్చడం కష్టమేమీ కాదు. మీలో ఒకరు జయపురం వెళ్ళండి. అది కుదరకపోతే వీడియో కాల్‌లో చూపించమనండి. కనెక్టింగ్ రాడ్‌ని (పిస్టన్‌నీ క్రాంకునీ కలిపే కడ్డీని) పైకంటా తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగాలి. టక్కుమని కొంచెం ఆడినా బిగ్ ఎండ్ బేరింగ్ (రాడ్ క్రాంకుని పట్టుకునే చోటిది) పోయినట్టే, అప్పుడు అతను చెప్పింది నిజం. రాడ్ పక్కలకు కొద్దిగా జరగడం మాత్రం కొత్త ఇంజన్‌లోనూ ఉంటుంది. ఆ పక్క ఆట చూపించి క్రాంకు పోయిందంటే నమ్మకండి. రెండో పరీక్ష, దింపిన ఆయిల్. దాన్ని తెల్లగుడ్డలో వడకట్టి అయస్కాంతం తిప్పితే ఉక్కు రవ్వలు అంటుకుంటాయి. అవి బేరింగుల నుంచో గేర్ల నుంచో వచ్చినవి. మెరుస్తూ ఉండి అయస్కాంతానికి అంటనిది అల్యూమినియం, అది పిస్టన్ నుంచి రాలింది. ఆయిల్ పారబోశాం అంటే క్రాంక్ కేసు అడుగునా ఆయిల్ జాలీలోనూ మిగిలిన మడ్డి చాలు.

బోరు గురించి. పిస్టన్ పక్కన నిలువు గీతలు ఉంటాయి, బోరు గోడకు అల్యూమినియం పూసుకుని ఉంటుంది. గోడ మీద గోరు అడ్డంగా గీయండి. గోరుకి గీత తగలకపోతే హోనింగ్ (గోడను సన్నగా రాపిడి పట్టడం) చేయించి పిస్టన్, రింగులు మార్చితే సరిపోవచ్చు. తగిలితే బోరు కొట్టించాలి, అంటే గోడను చెక్కి వెడల్పు చేయించాలి. ఇనప స్లీవు ఉన్న బ్లాకైతే 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. లోపల గట్టి పూత ఉన్న అల్యూమినియం బ్లాకుకు బోరు కొట్టకూడదు. బ్లాకు, పిస్టన్ కలిపి కిట్టుగా మార్చడమే. మీ బ్లాకు ఏ రకమో బోరింగ్ షాపులో చూసి చెప్పేస్తారు. జయపురంలాంటి వ్యాపారకేంద్రంలో లేత్ పని దొరకడం ఇబ్బంది కాదు. ఒక్కటి మరవకండి: ముందు పిస్టన్ కొని, దాన్ని మైక్రోమీటరుతో కొలిచి, ఆ కొలతకి బోరు కొట్టించాలి. ముందు బోరు కొట్టి ఆ తర్వాత పిస్టన్ వెతికితే సందు ఎక్కువై పొగ కొడుతుంది, లేదా తక్కువై మళ్ళీ పట్టేస్తుంది.

క్లచ్ ప్లేట్లు పిస్టన్ పట్టేసినందువల్ల పోవు. ఇద్దరు మనుషులతో ఘాట్‌లో హాఫ్ క్లచ్ మీద లాగిస్తే మాత్రం కాలుతాయి. కాలిన వాసన, నల్లబడిన ఉక్కు ప్లేట్లు ఉంటే మార్చండి. లేకపోతే వెర్నియర్‌తో మందం కొలిచి కొత్త ప్లేటుతో పోల్చమనండి. టైమింగ్ చెయిన్ కూడా అంతే, సాగిందని చూపిస్తేనే మార్చాలి.

అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఇంజన్ విప్పేముందు ఎంత ఆయిల్ దిగింది? ఇలాంటి బండిలో లీటరుకు అటూఇటూగా ఉండాలి. సరైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. 300, 400 మిల్లీలీటర్లే దిగితే కారణం తెలిసిపోయినట్టే. నిండుగా దిగితే మాత్రం ఆయిల్ పంపు, ఆయిల్ దారులు, జాలీ తప్పకుండా చూడాలి. కారణం దొరక్కుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ కొద్ది రోజులకే పట్టేస్తుంది. పాత పిస్టన్ నుంచి రాలిన రవ్వ కేసులో మిగిలినా ఇదే గతి. అందుకని కేసు డీజిల్‌తో కడగడం, ఆయిల్ ఫిల్టరు శుభ్రం చేయడం లేదా మార్చడం కూలీలోనే మాట్లాడుకోండి.

ఇక బేరం. సామాను, బోరింగ్, కూలీ మూడూ విడివిడిగా కాగితం మీద రాయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి. సామాను పెట్టెల మీద ఎమ్మార్పీ ఉంటుంది. అందులో పన్ను కలిసే ఉంటుంది, దానిమీద మళ్ళీ జీఎస్టీ వేయకూడదు. తీసేసిన ప్రతి పాత ముక్కా తిరిగివ్వాలని పని మొదలుపెట్టకముందే చెప్పండి. ఆ ఒక్క మాటతోనే చాలాచోట్ల జాబితా చిన్నదవుతుంది. మొత్తం అడ్వాన్సు ఇవ్వకుండా సామాను డబ్బు నేరుగా విడిభాగాల కొట్టుకే పంపండి. జయపురంలో దొరకని ముక్క విశాఖ నుంచో విజయనగరం నుంచో బస్సు పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు.

పొసగకపోతే విప్పిన కూలీ ఇచ్చి బండి తెచ్చేసుకోండి. ఇంజన్ ముక్కలు, బోల్టులు, షిమ్ములు (సన్న బిళ్ళలు) అన్నీ లెక్కచూసి ఒక డబ్బాలో వేయించండి. జయపురం, కోరాపుట్ మీదుగా రాయగడ వచ్చే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. దానిలో బండి ఎక్కిస్తారా, ఏ స్టేషన్లో ఎక్కిస్తారు అన్నది పార్సిల్ ఆఫీసులో ముందే అడగాలి. రైలు ఆగే సమయం చాలని చోట తీసుకోరు. పెట్రోలు చుక్క మిగలకుండా దింపాలి, ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు కావాలి, గోనెపట్టా చుట్టించాలి. పికప్ వ్యానులో తెస్తే బండిని సైడ్ స్టాండ్ మీద వదలకండి. నిలువుగా పెట్టి, ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, ఫోర్కు సగం దిగేదాకా రెండువైపులా తాళ్ళతో లాగి కట్టాలి.

బీమా ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీలో ప్రమాదం వల్ల జరిగిన నష్టమే వస్తుంది, మెకానికల్ బ్రేక్‌డౌన్ రాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ విడిగా కట్టి ఉంటే బండి తరలింపు ఖర్చు రావచ్చు, కాగితం తీసి చూడండి. డబ్బు కట్టాక మోసం జరిగిందని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, దానికోసం కోరాపుట్ తిరగక్కర్లేదు. గడువు 2 ఏళ్ళు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. కావలసిందల్లా రాతపూర్వకమైన బిల్లు, అందుకే ఇందాక కాగితం మీద పట్టుబట్టమన్నాం.

ఆ ఘాట్‌లో వెళ్ళే మిగతావాళ్ళకు ఒక మాట. ఎక్కుడులో ఊపు తగ్గి, వేడివాసన వేసి, కొత్త మోత వినబడిన క్షణంలోనే క్లచ్ నొక్కి పక్కకి ఆపేయండి. చక్రం బిగుసుకోకముందే ఆపితే చాలాసార్లు గీతలతో పోతుంది. నీళ్ళు పోయకండి, వేడి మీద హెడ్డు పగులుతుంది. గంటసేపు చల్లారనిచ్చి, ఆయిల్ చూసి, కిక్ చేత్తో మెల్లగా నొక్కి చూడండి. కదలకపోతే తన్నడం, తోసి గేరు వేయడం వద్దు. అలా చేస్తే చిన్న పట్టు కాస్తా రాడ్‌ మీదికి పోతుంది.

బాగుచేయించాక మొదటి 500 కిలోమీటర్లు 50 దాటకండి. ఒకే వేగంతో ఎక్కువసేపు నడపొద్దు, డబుల్స్ వద్దు. 500 దగ్గర ఆయిల్ మార్చాలి. జయపురం నుంచి రాయగడ దాకా ఘాట్లే కాబట్టి మొదటి ప్రయాణంలోనే అరగంటకోసారి ఆపి చల్లారనివ్వండి.

ప్రశ్న: ఆలపల్లి నుంచి సిరొంచ వస్తుంటే అడవిలో చెయిన్ తెగింది. చెయిన్ ఒక్కటే మార్చమంటే మెకానిక్ రెండు స్ప్రాకెట్లూ మార్చాలంటున్నాడు. ఇది దోపిడీ కాదా అండీ? — ఒక పాఠకురాలు, సిరొంచ

జవాబు: కాదమ్మా, ఇక్కడ అతనే కరెక్టు. అరిగిన పళ్ళ మీద కొత్త చెయిన్ వేస్తే అది త్వరగా సాగిపోతుంది. పళ్ళు కొక్కేల్లా ఒకవైపు వంగాయేమో చూడండి. వంగితే మూడూ కలిపి సెట్టుగా మార్చాల్సిందే. చిన్న బళ్ళకు ఎక్కువగా 428 సైజు వస్తుంది, లింకుల సంఖ్య మాత్రం మోడల్‌ని బట్టి మారుతుంది. చెయిన్ లాక్ క్లిప్పు మూసిన కొస చెయిన్ తిరిగే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే ఊడిపోతుంది. మధ్యలో వేలితో ఎత్తితే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. బిగువుగా ఉంచితే గుంతలో పడ్డప్పుడు తెగుతుంది.

అయితే మీరు చూడాల్సింది ఇంకోటి ఉంది. తెగిన చెయిన్ ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుని ఇంజన్ కేసును పగలగొడుతుంది. స్ప్రాకెట్ కవరు తీయించి, అక్కడ పగులు గానీ ఆయిల్ చెమ్మ గానీ ఉందేమో చూడండి. ఇది చూడకుండా బయల్దేరితే ఆయిల్ కారిపోయి, పైన రాయగడ పాఠకుడికి వచ్చిన ఖర్చే మీకూ వస్తుంది. సన్న పగులైతే అల్యూమినియం వెల్డింగ్‌తో ఆగుతుంది. బేరింగ్ కూర్చునే చోటిదాకా పాకితే కేసు మార్చాలి.

ప్రశ్న: 2021 బండి. గుణుపురం దారిలో జారి పడ్డాం, దెబ్బలేం తగల్లేదు. లేపాక సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్టు మాత్రం కావడం లేదు. పెట్రోలు ఉంది. పెట్రోలు పంపు పోయిందంటున్నారు. — ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: పంపు మార్చకముందు తాళం ఆఫ్ చేసి, కాసేపాగి మళ్ళీ ఆన్ చేయండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బళ్ళలో చాలావాటికి వాలుడు సెన్సర్ ఉంటుంది. బండి పడితే అది ఇంజన్‌ని ఆపేస్తుంది, తాళం తిప్పేదాకా ఒప్పుకోదు. తర్వాత కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి. తాళం ఆన్ చేయగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు సన్నగా జూమ్మని వినబడితే పంపు తిరుగుతున్నట్టే. వినబడకపోతే ముందు ఫ్యూజు చూడండి. పంపుకి కరెంటు అందుతోందా అని మీటరు పెట్టి చూపించమనండి. అందుతూ కూడా తిరగకపోతేనే పంపు మాట.

ప్రశ్న: కిన్వట్ నుంచి ఆదిలాబాద్ తిరుగుతుంటాను. దారిలో క్లచ్ వైరు తెగితే బండి తోయడమేనా? — ఒక పాఠకుడు, కిన్వట్

జవాబు: అక్కర్లేదు, నడిపి ఇంటికి చేరొచ్చు. న్యూట్రల్‌లో స్టార్ట్ చేయండి. కాళ్ళతో రెండు మూడు అడుగులు తోసి, బండి కదులుతుండగా మెల్లగా మొదటి గేరు వేయండి. పై గేర్లకు ఎక్స్‌లేటర్ పూర్తిగా వదిలి ఆ క్షణంలోనే గేరు నొక్కాలి. ఆపేముందు వేగం తగ్గించి న్యూట్రల్‌కి తెచ్చుకోవాలి. రద్దీలోనూ ఘాట్‌లోనూ ఈ పని వద్దు. మీలా రోజూ తిరిగేవాళ్ళు కొత్త క్లచ్ వైరును పాతదాని పక్కనే పరిచి టేపు చుట్టి ఉంచుకోండి. తెగినచోట రెండు కొసలు మార్చుకుంటే చాలు, ట్యాంకు విప్పే పని ఉండదు. సీటు కింద ప్లగ్గు, ప్లగ్గు స్పానర్, చెయిన్ లాక్, రెండు ఫ్యూజులు, అరలీటరు ఆయిల్ పెట్టుకోండి. ఆయిల్ చూసేటప్పుడు ఇంజన్ ఆపి మూడు నిమిషాలయ్యాక, బండిని సెంటర్ స్టాండ్ మీద నిటారుగా నిలిపి చూడండి. సైడ్ స్టాండ్ మీద చూస్తే మట్టం తప్పు చూపిస్తుంది.