సైరన్ ఉంది కదా అని తొక్కేస్తే...

ప్రశ్న: మా తమ్ముడు ప్రైవేటు అంబులెన్స్ నడుపుతాడు. రోగుల్ని శ్రీకాకుళం తీసుకెళ్తుంటాడు. హైవే ఎక్కితే వందకి తగ్గడు. ‘ప్రాణం పోతుంటే మెల్లగా వెళ్లమంటావా’ అంటాడు. ఆ వేగం వల్ల లాభం ఉందా?
– ఓ పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: నరసన్నపేట నుంచి శ్రీకాకుళం సుమారు 20 కిలోమీటర్లు. 80 మీద 15 నిమిషాలు, 100 మీద 12. కలిసొచ్చేది మూడు నిమిషాలు, అదీ దారంతా ఖాళీగా ఉంటేనే. గుండె ఆగిన కేసులాంటివి తప్ప ఆ మూడు నిమిషాలతో రోగికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

అదే ఆవు అడ్డొచ్చిందనుకోండి. 80లో ఉన్న బండి పొడి రోడ్డు మీద ఆగడానికి 70 మీటర్లు కావాలి, 100లో ఉంటే దాదాపు వంద. వాన పడితే 140 దాకా పోతుంది. గుద్దితే దెబ్బ తీవ్రత కూడా 80తో పోలిస్తే ఒకటిన్నర రెట్లకు పైనే. పైగా అంబులెన్స్ ఎత్తైన బండి, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే పల్టీ కొడుతుంది.

ఎక్కువ నష్టం వెనక కూర్చున్నవాళ్లకే. పక్క బెంచీ మీద బెల్టు లేకుండా కూర్చున్న బంధువులు ఎగిరి గోడకి కొట్టుకుంటారు. కట్టు సరిగా లేని ఆక్సిజన్ సిలిండర్ అయితే ఫిరంగి గుండే. రోగి తల డ్రైవర్ వైపు ఉంటుంది కాబట్టి, నడుముకీ మోకాళ్లకీ మాత్రమే బెల్టు వేస్తే సడెన్ బ్రేకుకి మనిషి తలవైపు జారిపోతాడు. ఆపేది భుజాల బెల్టే. చాలా బండ్లలో అది స్ట్రెచర్ కింద మడిచి పడి ఉంటుంది. బయల్దేరే ముందు తీసి పెట్టమనండి.

ప్రమాదాలు ఎక్కువ జరిగేది కూడళ్లలో. వంద మీటర్ల ముందే సైరన్ శబ్దం మార్చాలి, కాలు బ్రేకు మీదికి రావాలి. రెడ్ పడితే దాదాపు ఆగి, ఒక్కో లేన్ చూసుకుంటూ దాటాలి. అద్దాలు ఎత్తి పాటలు పెట్టుకున్న కారువాడికి సైరన్ ఆఖరి క్షణం దాకా వినపడదు. 2017 డ్రైవింగ్ నిబంధనలు సిగ్నల్ దాటే వెసులుబాటు ఇచ్చాయి, కానీ తగిన జాగ్రత్త తీసుకుంటేనే. వెనక నుంచి ‘తొందరగా పోనీ’ అని బంధువులు అరుస్తూనే ఉంటారు. వేగం మాత్రం డ్రైవర్ చేతిలోనే ఉండాలి.

ప్రశ్న: బైకు మీద వెళ్తుంటే వెనక సైరన్ వినపడితే ఏ పక్కకి తప్పుకోవాలి?
– గజపతినగరం నుంచి ఓ పాఠకుడు

జవాబు: ఎడమకి. ఇండికేటర్ వేసి, మెల్లగా తగ్గించి, అంచుకి చేరాక ఆగండి. రోడ్డు మధ్యలో బ్రేకు కొట్టకండి. దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194ఇ కింద 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంబులెన్స్ దాటిపోగానే దాని వెనక పడి దూసుకుపోయేవాళ్లు ఎక్కువయ్యారు, ఆ పని చేయకండి. రెండో అంబులెన్స్ వస్తోందేమో అద్దంలో చూసుకున్నాకే మళ్లీ రోడ్డెక్కండి.