డిగ్రీ మానేసి స్ట్రీట్ ఫోటోగ్రఫీ డిప్లొమాలో చేరతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి విజయవాడలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. ఆదివారం వస్తే చాలు, వాళ్ల మేనమామ ఇచ్చిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ మెడలో వేసుకుని వన్‌టౌన్ సందుల్లో తిరుగుతోంది. ఇప్పుడు డిగ్రీ మానేసి, వేరే ఊళ్లో ఒక ప్రైవేటు సంస్థలో ఏడాది డిప్లొమా చేస్తానంటోంది. ఫీజు నాలుగు లక్షలు. అక్కడైతే తన 'సొంత చూపు' ఏర్పడుతుందట. ఈ డిప్లొమా మేలా, బీఎఫ్ఏలో (లలిత కళల డిగ్రీ) చేర్చడం మేలా, డిగ్రీ తర్వాత ఎంసీఏ చేయించడం మేలా? మూడూ పోల్చి చెప్పండి. ఆడపిల్ల రోడ్ల మీద ఫోటోలు తీయడమేంటని బంధువుల్లో మాటలు పడుతున్నాం. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలో తెలియడం లేదు. తను తీసిన ఇరవై ఫోటోలు జత చేస్తున్నాను. - ఒక తండ్రి

జవాబు: ముందు ఫోటోల సంగతి మాట్లాడుకుందాం. ఎందుకంటే మీ ఉత్తరంలో ఫీజు ఉంది, బంధువులున్నారు, ఇంకా రాని సంబంధాలు కూడా ఉన్నాయి గానీ ఆ ఫోటోల గురించి ఒక్క మాట లేదు. జత చేసే ముందు మీరు వాటిని చూశారా?

నేను చూశాను. ఎక్కువ భాగం ఎవరైనా తీసేవే. ముడతలు పడ్డ ముసలాయన ముఖం బ్లాక్ అండ్ వైట్‌లో, బ్యారేజీ మీద సూర్యాస్తమయం, లేచిపోతున్న పావురాల మధ్య పరిగెత్తే పిల్లాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలాంటివి రోజూ వస్తుంటాయి, లైకులూ వీటికే పడతాయి. కానీ కాళేశ్వరరావు మార్కెట్లో తీసిన ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. ఉల్లిపాయల కొట్టు. కాటా ఖాళీగా ఉంది. కొట్టాయన చెవి మీద పెన్ను పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. కొనడానికొచ్చినావిడ తల వంచుకుని పర్సులో చిల్లర వెతుక్కుంటోంది. ఇద్దరి మధ్యా బస్తా మీద కూర్చున్న స్కూలు పిల్ల, తెగిన చెప్పు పట్టీని వేలికి చుట్టుకుంటోంది. పక్కపక్కనే ఉన్నారు, ఎవరి ధ్యాస వాళ్లది. బస్టాండు బెంచీ ఫోటో, జిరాక్సు షాపు ముందు వరుస ఫోటో కూడా ఇదే కోవలోవి. అన్నిట్లోనూ ఎదురుచూస్తున్న మనుషులే. మీ అమ్మాయి కన్ను తనకు తెలియకుండానే ఒకే విషయం మీదికి పోతోంది. సొంత చూపు అంటే అదే. నాలుగు లక్షలు కట్టి తెచ్చుకుంటానంటున్నది అప్పుడే మొదలైంది, ఆ సంగతి తనకే తెలియదు.

ఆ డిప్లొమా మీద నా అనుమానాలు దాచుకోను. ఇలాంటి కోర్సులు చేసినవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. అక్కడ కెమెరా, లైటింగ్, సాఫ్ట్‌వేర్ బాగానే నేర్పుతారు. అవి ఉపయోగపడతాయి, కాదనను. అయితే వీధిలో మనుషుల్ని ఉన్నది ఉన్నట్టు తీసే స్ట్రీట్ ఫోటోగ్రఫీకి స్టూడియో లైటింగ్‌తో పనేముంది? చివర్లో ఒక ఎగ్జిబిషన్ పెడతారు. చూడటానికి వచ్చేది ఎక్కువగా తోటి విద్యార్థులూ వాళ్ల ఇళ్లవాళ్లే. ఆ తర్వాత? స్ట్రీట్ ఫోటోగ్రాఫర్ కావాలని ప్రకటన ఇచ్చే కంపెనీ ఒక్కటి చూపించండి. ఈ రంగంలో పేరున్నవాళ్లలో చాలామందికి డబ్బు వచ్చేది ఫోటోలు అమ్మితే కాదు. వర్క్‌షాపులు పెడితే, ప్రీసెట్లు (ఫోటోల రంగులు ఒక్క నొక్కుతో మార్చే రెడీమేడ్ సెట్టింగులు) అమ్మితే, కెమెరా కంపెనీల ప్రచారం చేస్తే. అంటే ఫోటోగ్రాఫర్ కావాలనుకునే మీ అమ్మాయిలాంటి పిల్లలే ఆ వ్యాపారానికి కస్టమర్లు. ఫొటోవాక్‌ల (గుంపుగా తిరుగుతూ ఫోటోలు తీయడం) పేరుతో పాతిక మంది ఒకేసారి ఒక పూలమ్మే ఆవిడ మీద పడి, ఒకే కోణంలో ఒకే ఫోటో తీసుకుని పోవడం నాకు ఎంతమాత్రం నచ్చదు. ఎంట్రీ ఫీజు తీసుకుని వందలాది బహుమతులు పంచే పోటీల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

అలాగని ఈ కళ తిండి పెట్టదు, మాన్పించండి అని కూడా అనను. ఈ కళలో పెద్దవాళ్లు చాలామంది వేరే పని చేసుకుంటూ ఇది చేశారు. న్యూయార్క్‌లో సాల్ లైటర్ పత్రికలకు ఫ్యాషన్ ఫోటోలు తీసి బతికాడు. ఆయన రంగుల వీధి ఫోటోలను ప్రపంచం పట్టించుకునేసరికి ఎనభై దాటాయి. షికాగోలో వివియన్ మేయర్ ఇళ్లల్లో పిల్లల్ని చూసుకునే ఆయా. లక్షకు పైగా ఫ్రేములు తీసి దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో ఆమె సామాను వేలానికి వచ్చినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. మన ఫోటోగ్రాఫర్ రఘు రాయ్ సివిల్ ఇంజినీరింగ్ చదివి, పత్రికలో ఉద్యోగం చేస్తూ ఎదిగాడు. 1977లో పేరున్న ఫోటోగ్రాఫర్ల సంస్థ మాగ్నమ్‌కు ఆయన పేరు ప్రతిపాదించింది సాక్షాత్తు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్. చదువుకున్న చదువు ఆయనకు అడ్డం రాలేదు, మీ అమ్మాయికీ రాదు.

అమ్మా, ఇక నీతో నాలుగు మాటలు. నాన్నగారు ఇది నీకు చూపిస్తారనే అనుకుంటున్నాను. వారానికో కొత్త ఊరు, పండగకో కొత్త ఘాట్ అని తిరగకు. ఏడాది పాటు ఆ ఒక్క మార్కెట్‌కే వెళ్లు. మూడో నెలకల్లా కొట్ల వాళ్లు నిన్ను పట్టించుకోవడం మానేస్తారు. అసలు ఫోటోలు అప్పుడు మొదలవుతాయి. జూమ్ వాడకు. కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్‌ను 24 ఎంఎం దగ్గర పెట్టి టేపు వేసెయ్. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్8 పెట్టి, రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న దేన్నో ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చుకుంటే, సుమారు ఒకటిన్నర మీటరు నుంచి ఎనిమిది మీటర్ల దాకా చాలినంత స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ గొడవ ఉండదు, మనుషుల్ని చూడటమే నీ పని. షటర్ 1/500 దగ్గర ఉంచి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) ఆటోలో వదిలెయ్.

తీసినవాటిని ఆ రాత్రే పోస్ట్ చేయడం మానుకో. అమెరికన్ వీధి ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తీసిన ఫిల్మ్ రీళ్లను నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైగా కడగకుండా ఉంచేవాడు. తీసినప్పటి హుషారు తగ్గితే గానీ ఫోటో మంచిదో కాదో తెలియదని ఆయన లెక్క. (ఆ పద్ధతి చివరికి మరీ ముదిరింది, 1984లో పోయేనాటికి దాదాపు 2,500 రీళ్లు అలాగే మిగిలిపోయాయి.) నువ్వు మూడు నెలలు ఆగు, చాలు. ఆ తర్వాత వందేసి చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరుచు. ఒకదానితో ఒకటి కలిసేవి పక్కన పెట్టు, అందంగా ఉన్నా కలవనివి తీసెయ్. సూర్యాస్తమయాలన్నీ మొదటి విడతలోనే పోతాయి. మనసు చివుక్కుమంటుంది, అయినా తీసెయ్. మిగిలినవాటిలో నీకేం కావాలో కనిపిస్తుంది. ఎవరైనా వద్దంటే అక్కడే చెరిపెయ్. పిల్లల్ని తీసేటప్పుడు పెద్దవాళ్లను అడుగు. ఒక మనిషి ఫోటోను ప్రకటనకు వాడాలంటే ఆ మనిషి రాతపూర్వక అనుమతి తీసుకో.

నాన్నగారూ, మళ్లీ మీ దగ్గరికి. మీ అసలు బెంగ డిప్లొమా కాదు, పదిమందిలో మాట. పెళ్లి ఫోటోగ్రాఫర్‌ను నెలల ముందే బుక్ చేసి లక్షలు ఇచ్చే బంధువులే, మీ అమ్మాయి చేతిలో కెమెరా చూసి మొహం చిట్లిస్తున్నారు. వాళ్ల కోసం పిల్లను ఎంసీఏలో వేస్తే ఫీజు మీరు కడతారు, ఏళ్లు ఆమెకు పోతాయి, వాళ్లకు పోయేదేమీ లేదు. మన తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయి వ్యారవాలా ఢిల్లీలో చీర కట్టుకుని సైకిల్ మీద తిరిగి ఫోటోలు తీశారు, అదీ 1940లలో. తొలినాళ్లలో ఆమె ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. ఆ రోజులు పోయాయనుకుంటున్నాం కదా, మరి మన ఇంట్లో ఎందుకు మిగలాలి? భద్రత గురించి భయపడితే అర్థం ఉంది. పొద్దున పూట వెళ్లమనండి, స్నేహితురాలిని తోడు తీసుకెళ్లమనండి, ఎక్కడున్నదీ ఫోన్లో చెప్పమనండి. భయానికి మందు ఇదీ, ఇంట్లో కూర్చోబెట్టడం కాదు.

పోల్చమన్నారు గనుక క్లుప్తంగా చెబుతాను. డిగ్రీ పూర్తి చేయించండి, మిగిలింది ఏడాదే. డిప్లొమా వద్దు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫోటోగ్రఫీ బీఎఫ్ఏ మంచిదే, కానీ మళ్లీ మొదటి నుంచి నాలుగేళ్లు. ఇంటర్ పిల్లలైతే చేరమనేవాణ్ణి. డిగ్రీ అయ్యాక కూడా ఈ పట్టుదల ఇలాగే ఉంటే ఢిల్లీ జామియా మిలియాలో స్టిల్ ఫోటోగ్రఫీ పీజీ డిప్లొమా ఉంది, ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) గాంధీనగర్‌లో ఫోటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఈలోగా సంపాదన కావాలంటే పెళ్లిళ్లకు సెకండ్ షూటర్‌గా (ప్రధాన ఫోటోగ్రాఫర్‌కు తోడుగా) వెళ్లొచ్చు, స్థానిక వెబ్‌సైట్లకు, స్వచ్ఛంద సంస్థలకు పని చేయొచ్చు. వీధిలో పదునెక్కిన కన్ను అక్కడ బాగా పనికొస్తుంది. ఎంసీఏ తనకు ఇష్టమైతేనే. మీ ఉత్తరంలో ఆ ఇష్టం నాకెక్కడా కనిపించలేదు.

కొత్త కెమెరా ఇప్పుడే వద్దు, పాతదే నడుస్తోంది. ఆ డబ్బులో కొంత ప్రింట్లకు ఇవ్వండి. చలికాలంలో హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరుగుతుంటుంది. తేదీలు కనుక్కుని ఇద్దరూ కలిసి వెళ్లండి. తన ఫోటోలు ఓ ఇరవై సంచిలో పెట్టుకోమనండి, అక్కడికి వచ్చే ఫోటోగ్రాఫర్లకు చూపించమనండి. వాళ్లేమంటారో మీరూ పక్కనే ఉండి వినండి.