ఇంట్లో విసుగనిపించే గిన్నెలు అక్కడ ఎందుకు హాయిగా ఉన్నాయి?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. మాది గుంటూరు జిల్లా. పెళ్లయ్యాక అమెరికా వచ్చాను, ఇక్కడి పౌరసత్వం కూడా వచ్చింది. అట్లాంటా శివార్లలో ఉంటాం. అబ్బాయి ఉద్యోగంలో చేరాడు, అమ్మాయి కాలేజీలో ఉంది. 78 ఏళ్ల అత్తగారు మా దగ్గరే ఉంటారు. పోయిన ఏడాది మా అమ్మాయితో కలిసి జార్జియాలోనే అమెరికస్ అనే ఊరి దగ్గరున్న కొయినోనియా ఫార్మ్‌లో రెండు రోజులు ఉన్నాను. క్రైస్తవులు కలిసి బతుకుతూ నడుపుకునే పొలం అది. అక్రోటు లాంటి పెకాన్ కాయలు ఏరాం, అందరి భోజనాలయ్యాక గిన్నెలు కడిగాం. ఒక నల్లజాతి పెద్దావిడ పక్కన కూర్చుని అన్నం తింటుంటే, చిన్నప్పుడు మా ఇంట్లో పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసు గుర్తొచ్చింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయినా అక్కడున్నంత హాయిగా ఈ మధ్య ఎప్పుడూ లేను. అక్కడ మూడు నెలలు సేవ చేస్తూ ఉండాలని ఉంది. మావారు ‘ఇంట్లో నీకేం తక్కువైంది?’ అంటారు. అత్తగారికి మతం మారిపోతానేమోనని దిగులు. స్నేహితురాళ్లు ‘పిల్లలు వెళ్లిపోయారు కదా, దానివల్లే’ అంటున్నారు. నేను ఎదగడానికి వెళ్తున్నానా, పారిపోతున్నానా? నాది స్వార్థమా?

జవాబు: మీ ఉత్తరంలో మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటి ఉంది. ముందు దాని సంగతి చూద్దాం. ఇన్నేళ్లుగా మీ వంటింట్లో మీరు కడుగుతున్నవీ గిన్నెలే, అక్కడ కడిగినవీ గిన్నెలే. మరి అక్కడ వచ్చిన హాయి ఇంట్లో ఎందుకు రాలేదు? గాలి మార్పు అని సరిపెట్టుకోకండి. అక్కడ తిన్నవాళ్లందరూ కడిగారు. ఇవాళ మీ వంతు, రేపు ఇంకొకరిది. మీ ఇంట్లో ఆ వంతు మారి ఎన్నేళ్లయింది?

మీరు వెళ్లి వచ్చిన చోటి చరిత్ర తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. క్లారెన్స్, ఫ్లోరెన్స్ జోర్డన్ దంపతులు, ఇంగ్లండ్ ఇంటిపేరున్న మరో జంట కలిసి 1942లో దాన్ని మొదలుపెట్టారు. నల్లవారూ తెల్లవారూ కలిసి పొలం దున్నాలి, ఒకే బల్ల దగ్గర తినాలి అన్నది వాళ్ల పట్టుదల. ఆ రోజుల్లో జార్జియాలో రెండో మాటే పెద్ద నేరం. కలిసి పనిచేయడాన్ని సహించిన ఊరు కలిసి తినడాన్ని సహించలేదు. 1950లలో వాళ్లకు విత్తనాలు, ఎరువులు అమ్మడం మానేశారు, రోడ్డు పక్కనున్న దుకాణాన్ని పేల్చేశారు, ఇళ్ల మీద కాల్పులు జరిపారు. 1957లో సంఘసేవకురాలు డొరతీ డే అక్కడికి వెళ్లి రాత్రి కాపలాకు కూర్చుంటే ఆమె ఉన్న కారు మీద కూడా తూటాలు పేలాయి. ఊళ్లో తమ సరుకు కొనేవాళ్లు లేకపోయేసరికి పెకాన్లను పోస్టులో దూరప్రాంతాలకు అమ్ముకుని బతికారు. మీరు ఏరిన కాయల వెనుక ఇంత కథ ఉంది. పేదలకు వడ్డీ లేకుండా ఇళ్లు కట్టించే ఆలోచన కూడా ఆ పొలంలోనే పుట్టింది. 1976లో మొదలైన హాబిటాట్ ఫర్ హ్యుమానిటీకి మూలం అదే.

ఇలాంటి చోట్లకు సేవ చేయడానికి వెళ్లినవాళ్లకు అన్నిటికంటే ముందు ఎదురయ్యేది, తమకు మరొకరు సేవ చేయడం. టెనెసీలో 1932 నుంచి నడిచిన హైలాండర్ ఫోక్ స్కూల్ సంగతి చెబుతాను. నల్లవారూ తెల్లవారూ కలిసి ఉండి హక్కుల గురించి నేర్చుకునే చోటు అది. అలబామాలోని మాంట్‌గోమరీలో బట్టలు కుట్టి బతికే నల్లజాతి మహిళ రోసా పార్క్స్ 1955 వేసవిలో అక్కడ ఒక శిబిరానికి వెళ్లారు. అక్కడ ఆమెకు బాగా నచ్చినవాటిలో ఒకటి పొద్దున్నే వచ్చే కాఫీ వాసన. ఆ కాఫీ కాచేది, ఉపాహారం వండేది తాను కాదు, తెల్లవాళ్లు. ఆ డిసెంబరు 1న ఆమె బస్సులో తెల్లవారికి సీటు వదలనన్నారు. ఆ కాఫీ వల్లే అలా చేశారని నేను అనను. అప్పటికే ఆమె ఏళ్ల తరబడి పౌరహక్కుల సంఘంలో పనిచేస్తున్నారు. కానీ సమానంగా ఉండటం ఎలా ఉంటుందో ఒకసారి ఒంటికి తెలిస్తే, ఆ తర్వాత అసమానత మునుపటిలా మామూలుగా అనిపించదు. మీకు జరిగింది కూడా ఇదేనని నా అనుమానం.

అందుకే మీరు పారిపోతున్నారని నాకనిపించడం లేదు. అలాగని మూడు నెలల సంచీ సర్దుకోమని కూడా అనను. ఇంట్లో అనాల్సిన మాట అనకుండా వెళ్తే అప్పుడది పారిపోవడమే అవుతుంది. ‘సేవ చేయాలని ఉంది’ అని మాత్రమే అంటే మీవారికి ‘మన గుళ్లో చేయొచ్చు కదా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అసలు మాట చెప్పండి: ‘ఈ ఇంట్లో నేను చేసే పని ఎవరికీ కనిపించడం లేదు. అక్కడ కనిపించింది.’ వినడానికి కటువుగానే ఉంటుంది. అయినా ‘నీకేం తక్కువైంది?’ అన్న ఆయన ప్రశ్నకు నిజమైన సమాధానం అదొక్కటే. ఆయన కోపంలో సగం భయమే అనుకుంటాను. పిల్లలు వెళ్లారు, ఇప్పుడు భార్య కూడానా అన్న భయం. దాన్ని వెక్కిరించకండి.

స్నేహితురాళ్ల మాటను కూడా పూర్తిగా కొట్టిపారేయను. ఈ వయసులో నెలసరి ఆగే దశ, థైరాయిడ్ తేడాలు కూడా మనసును కుంగదీస్తాయి. నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం వారాల తరబడి ఉంటే ముందు డాక్టరును కలవండి. కుంగుబాటుకు విడిది కేంద్రం మందు కాదు. సరిగ్గా నిద్రపోని మనిషికి అక్కడి పని ఇంకా బరువవుతుంది.

రెండు రోజులకు వెళ్లినవారు అతిథులు, అతిథికి అన్నీ బాగుంటాయి. నెల గడిస్తే గదిలో తోడున్నవారి గురక వినిపిస్తుంది, కలుపు తీసి నడుము పట్టేస్తుంది, ‘మొన్న కూడా నేనే కడిగాను’ అన్న లెక్కలు మొదలవుతాయి. సామాజిక న్యాయం గురించి మాట్లాడే చోట అందరూ న్యాయంగానే ఉంటారని అనుకోవద్దు, వాళ్లూ మనుషులే. అందుకే ముందు ఒక వారం, తర్వాత ఒక నెల. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెకాన్ కోతల కాలం, చేతినిండా పని ఉంటుంది కాబట్టి ఆ రోజులు చూసుకోండి. రోజుకు ఎన్ని గంటల పని, వారంలో సెలవు ఎప్పుడు, జబ్బు చేస్తే ఏమిటి, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి అన్నవి ఫోన్లోనే అడగండి. అడిగితే మొహమాటం లేకుండా చెప్పని చోటికి వెళ్లకపోవడం మంచిది.

మీకు పౌరసత్వం ఉంది కాబట్టి సరిపోయింది. ఇది చదివి ఉత్సాహపడే హెచ్‌4 వీసా (భర్త ఉద్యోగ వీసా మీద వచ్చినవారికి ఇచ్చేది) సోదరీమణులకు ఒక మాట: పనికి బదులుగా గది, భోజనం తీసుకోవడాన్ని కూడా ఉద్యోగంగా లెక్కించే అవకాశం ఉంది. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ఒప్పుకోకండి.

ఇక ఆ గ్లాసు. నా లెక్కలో మీ ఎదుగుదల ఎప్పుడో మొదలైంది, ఆ సిగ్గుతోనే. అయితే అమెరికాలో ఎవరి పక్కనో కూర్చుని తిన్నంత మాత్రాన గుంటూరు బాకీ తీరదు. ఈసారి మీ ఊరు వెళ్లినప్పుడు పుట్టింట్లో ఆ గ్లాసు ఇంకా ఉందేమో చూడండి. ఉంటే పెద్దవాళ్లతో ఆ మాట ఎత్తండి. జార్జియాలో నడుము నొప్పి కంటే ఇది కష్టం. అక్కడ మిమ్మల్ని మెచ్చుకుంటారు, మీ ఊళ్లో ‘అమెరికా వెళ్లి మాకు నీతులు చెబుతోంది’ అంటారు.

అత్తగారితో మీరే మాట్లాడండి, మీవారి చేత చెప్పించకండి. అది క్రైస్తవులు నడిపే చోటు, అక్కడ ప్రార్థనలుంటాయి; దాచొద్దు. ఆవిడకు ఇంకో సంగతి కూడా చెప్పండి: 1950లో ఒక భారతీయ విద్యార్థిని, హిందువుని, ఆదివారం ప్రార్థనకు వెంట తీసుకెళ్లినందుకే ఆ పొలంవాళ్లను ఊరి చర్చి వెలివేసింది. ఆ అబ్బాయి రంగు నల్లగా ఉండటమే చర్చివాళ్లకు కంటగింపైంది. ఆవిడ వింటారో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆవిడ మందుల వేళలు, డాక్టరు దగ్గరికి వెళ్లే రోజులు ఒక కాగితం మీద రాసి మీవారి చేతికివ్వండి. మీరు వెళ్లే వారానికి నెల ముందు నుంచే ఆ పని ఆయనది కావాలి. ఫ్రిజ్ నిండా కూరలు వండి పెట్టి మాత్రం వెళ్లకండి.