పైకి కనబడని జబ్బుతో అమెరికా వస్తున్నారా? ముందు కాగితాలు సర్దుకోండి

లూపస్, కీళ్లవాతం, క్రోన్స్, మైగ్రేన్, ఫైబ్రోమయాల్జియా... ఇలాంటి జబ్బేదో వెంటబెట్టుకుని ఈ దేశానికి వచ్చేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. చూడ్డానికి బాగానే ఉంటారు కాబట్టి "నీకేమైందమ్మా, నిక్షేపంలా ఉన్నావుగా" అనే మాట ఇక్కడా తప్పదు. ఇంటి దగ్గర ఏళ్ల తరబడి చూసిన డాక్టరుగారికి మీ సంగతంతా గుర్తుంటుంది. ఇక్కడ కాగితం మీద లేని జబ్బు లేనట్టే. డాక్టరుకైనా, ఇన్సూరెన్సుకైనా, ఆఫీసుకైనా అంతే. అందుకే ఒంట్లో బాగున్న రోజుల్లోనే కాగితాలు సిద్ధం చేసుకోవాలి. జబ్బు తిరగబెట్టాక ఆ ఓపిక ఉండదు.

బయల్దేరే ముందు మీ డాక్టరు చేత ఒక ఉత్తరం రాయించుకోండి. జబ్బు పేరు, ఏ సంవత్సరంలో ఏ పరీక్షల ఆధారంగా తేల్చారు, ఇప్పుడు వాడుతున్న మందులు, గతంలో వాడి మానేసిన మందులు, ఎందుకు మానేశారు... ఇవన్నీ అందులో ఉండాలి. ఆ చివరిదే అందరూ వదిలేస్తారు, రేపు అక్కరకొచ్చేది అదే. ఖరీదైన మందు రాస్తే ఇన్సూరెన్సువాళ్లు ముందు చవక మందు వాడి చూడమంటారు. దీన్నే స్టెప్ థెరపీ అంటారు. ఆ చవక మందు మీరు ఇదివరకే వాడారనీ, దానివల్ల లివర్ పరీక్షలు తేడా చూపాయనీ రాసి ఉంటే మళ్లీ మొదటి మెట్టు ఎక్కక్కర్లేదని వాదించడానికి ఆధారం దొరుకుతుంది.

మందుల పేర్లు జెనరిక్‌లో, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరుతో రాయించండి. మన బ్రాండ్ పేర్లు ఇక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియవు. జెనరిక్ పేర్లూ కొన్ని మారతాయి: పారాసిటమాల్‌ను ఎసిటమినోఫెన్ అంటారు, సాల్బుటమాల్‌ను ఆల్బ్యుటరాల్, గ్లిబెన్‌క్లమైడ్‌ను గ్లైబురైడ్. మన దగ్గర ఒళ్లునొప్పులకు మామూలుగా రాసే ఎటోరికాక్సిబ్, నిమెసులైడ్ ఇక్కడ దొరకవు, వాటికి అనుమతి లేదు. ప్రీగాబలిన్, ట్రమడాల్ కంట్రోల్డ్ మందుల జాబితాలో ఉన్నాయి, పాత చీటీ చూపిస్తే ఇచ్చేవి కావు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు "వారానికి ఒక్కసారి" అని అక్షరాల్లో రాయించుకుని తీరాలి. దాన్ని పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. వెంట తెచ్చుకునే మందులు మూడు నెలలకు మించకుండా, అసలు స్ట్రిప్పుల్లోనే, చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి.

రోగనిరోధక శక్తిని అదుపు చేసే బయోలాజిక్ మందు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు. మనకు చిన్నప్పుడు బీసీజీ టీకా వేసి ఉంటారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్షలో లేని టీబీ ఉన్నట్టు రావచ్చు. టీకా సంగతి ముందే చెప్పి, రక్తంతో చేసే ఐజీఆర్ఏ పరీక్ష అడగండి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల మందు మొదలవడం వారాల తరబడి ఆగిపోవచ్చు.

ఉద్యోగం ద్వారా వచ్చే ఇన్సూరెన్సులో పాత జబ్బు ఉందన్న కారణంతో మిమ్మల్ని ఎవరూ కాదనలేరు. 2014 నుంచి చట్టం అదే. కాకపోతే చేరిన కొత్తలో ప్లాన్ ఎంచుకోవడానికి ఇచ్చే గడువు చాలా చోట్ల 30 రోజులే. అది దాటితే సాధారణంగా ఏడాది చివర్లో వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (అందరూ ప్లాన్ ఎంచుకునే గడువు) దాకా ఆగాలి. నెలవారీ ప్రీమియం తక్కువని హై డిడక్టిబుల్ ప్లాన్‌కు, అంటే ముందు పెద్ద మొత్తం మీరు కట్టాక గానీ ఇన్సూరెన్సు కట్టని ప్లాన్‌కు మొగ్గకండి. పన్నెండు నెలల ప్రీమియానికి ఔట్ ఆఫ్ పాకెట్ మ్యాగ్జిమమ్ (ఏడాదిలో వైద్యానికి మీ జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం) కలిపి రెండు ప్లాన్లనూ పోల్చండి. మీ మందు ఆ ప్లాన్ ఫార్ములరీలో (మందుల జాబితాలో) ఏ టియర్‌లో (ధర మెట్టులో) ఉందో చూడకుండా సంతకం పెట్టొద్దు. మందు ఇచ్చేది లేదని తిరస్కరించారా? అప్పీలు చేయడానికి మామూలుగా 180 రోజులు ఉంటుంది. ఆ తర్వాత బయటివాళ్లతో సమీక్ష చేయించుకునే హక్కు కూడా ఉంది. మొదటి తిరస్కారానికే ఊరుకుంటే నష్టపోయేది మీరే.

స్పెషలిస్టు అపాయింట్‌మెంటుకు నెలలు పడుతుంది. ఇన్సూరెన్సు మొదలైన వారంలోనే ప్రైమరీ కేర్ డాక్టరును (మామూలుగా ముందు చూసే డాక్టరును) చూసుకుని, స్పెషలిస్టు దగ్గరికి పంపే రిఫరల్ తీసుకోండి, ఎవరైనా రద్దు చేసుకుంటే పిలిచే జాబితాలో పేరు రాయించండి. ఇక డాక్టరు గదిలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. "హౌ ఆర్ యూ" అనగానే అలవాటుగా "ఫైన్" అంటారు. అది "పేషెంటు బాగున్నారు" అని నోట్సులోకి ఎక్కుతుంది. రేపు ఇన్సూరెన్సువాళ్లు చదివేది ఆ నోట్సునే. "నొప్పిగా ఉంది" అన్నా ఎవరికీ ఏమీ తెలియదు. "పొద్దున లేచాక గంటన్నర దాకా వేళ్లు ముడుచుకోవు, చొక్కా గుండీలు పెట్టుకోలేను, వారంలో నాలుగు రోజులు ఇంతే" అనండి. నిమిషాలు, రోజులు, చేయలేని పని. ఈ మూడూ ఉండాలి. ఇంగ్లీషులో చెప్పడం కష్టమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి, ఆస్పత్రులు ఉచితంగా ఏర్పాటు చేస్తాయి. పిల్లల్ని మధ్యలో పెట్టొద్దు. అమ్మ బాధను పదేళ్ల పిల్లాడు తర్జుమా చేయాల్సిన పరిస్థితి ఎవరికీ వద్దు.

ఆఫీసు విషయంలో మనవాళ్లకు వీసా భయం ఎక్కువ. పదిహేను మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలన్నీ ఏడీఏ, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు రక్షణ ఇచ్చే చట్టం కిందికి వస్తాయి. 1990 నాటి ఆ చట్టాన్ని 2008లో సవరించాక, వచ్చిపోయే జబ్బులకూ రక్షణ వచ్చింది. మీరు ఏ వీసా మీద ఉన్నా వర్తిస్తుంది. మేనేజరుకు జబ్బు పేరు చెప్పక్కర్లేదు. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి: ఒక దీర్ఘకాలిక ఆరోగ్య సమస్య ఉంది, దానివల్ల ఫలానా పని కష్టమవుతోంది, ఫలానా ఏర్పాటు కావాలి. ఉదయం పది నుంచి పని, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి, ఇలా స్పష్టంగా. నోటిమాటగా అడిగితే రేపు రుజువుండదు. ఏమి అడగొచ్చో తెలియకపోతే జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ ఉచితంగా సలహా ఇస్తుంది.

ఎఫ్ఎమ్ఎల్ఏ సెలవు, అంటే జబ్బుకో కుటుంబ అవసరానికో చట్టం ఇచ్చే సెలవు వేరు. ఏడాదికి 12 వారాలు, జీతం ఉండదు, ఇన్సూరెన్సు కొనసాగుతుంది. జబ్బు తిరగబెట్టిన రోజు మాత్రమే వాడుకునేలా విడివిడిగానూ తీసుకోవచ్చు. కానీ సంస్థలో 50 మంది ఉండాలి, మీరు పన్నెండు నెలలుగా పనిచేస్తూ చివరి ఏడాదిలో 1,250 గంటలు పూర్తిచేసి ఉండాలి. అంటే మొదటి ఏడాది దొరకదు. హెచ్-1బి వాళ్లు కూడా తీసుకోవచ్చు, సెలవు మంజూరు చేసిన కాగితం మాత్రం భద్రంగా దాచుకోండి.

ఎఫ్-1 విద్యార్థులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో బాలేదని ముందు కోర్సు వదిలేసి తర్వాత చెప్తే వీసా స్టేటస్ పోతుంది. డాక్టరు ఉత్తరంతో ముందు డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి, ఆ తర్వాతే కోర్సు డ్రాప్. ఒక్కో డిగ్రీ స్థాయికి మొత్తం పన్నెండు నెలల దాకా ఇలా ఇస్తారు, ప్రతి సెమిస్టరుకూ మళ్లీ అనుమతి కావాలి.

తోడు సంగతికొస్తే, అందరికీ చెప్పక్కర్లేదు, ఎవరికీ చెప్పకుండా ఉండటమూ మంచిది కాదు. దగ్గర్లో ఉన్న ఇద్దరిని ఎంచుకోండి. "సాయం కావాలి" అంటే వాళ్లకు ఏం చేయాలో తోచదు. "నేను లేవలేని రోజు పిల్లను బస్సు దగ్గర నుంచి తీసుకొస్తావా అక్కా" అంటే కాదనేవాళ్లు అరుదు. జబ్బును అర్థం చేసుకునేవాళ్లు కావాలంటే లూపస్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా, ఆర్థరైటిస్ ఫౌండేషన్, క్రోన్స్ అండ్ కొలైటిస్ ఫౌండేషన్ లాంటి సంస్థల సపోర్ట్ గ్రూపులు ఉన్నాయి. మొదటి రెండుసార్లు ఊరికే కూర్చుని విన్నా ఫర్వాలేదు. వాట్సాప్‌లో వచ్చే చిట్కాలు చూసి స్టెరాయిడ్ మాత్రం ఒక్కసారిగా ఆపకండి, చాలా ప్రమాదం. మనసు మరీ కుంగిపోయిన రాత్రి 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా ఏ వేళనైనా పలుకుతారు.

ఆ ఇద్దరి ఫోన్ నంబర్లు, మందుల జెనరిక్ పేర్లు, పడని మందులు, డాక్టరు నంబరు ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. దాన్నే ఫోటో తీసి ఫోన్‌లోనూ పెట్టుకోండి. మందు మారిన రోజే కాగితమూ మార్చండి.