ఐప్టేసియాను బ్లేడుతో గీకితే పదింతలైంది, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తిరుపతిలో ఇంట్లో 150 లీటర్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. అందులో జోవాంథిడ్స్ (గుత్తులుగా, పువ్వుల్లా విచ్చుకునే పగడాల్లాంటి జీవులు, పిలుపుకు జోవాలు), లెదర్ కోరల్స్ అనే మెత్తటి పగడాలు, ఒక జత క్లౌన్ చేపలు. రాళ్ళ మీద ఐప్టేసియా అనే కలుపులాంటి గోధుమరంగు అనిమోన్లు (పువ్వులా కనిపించే సముద్ర జీవులు) నాలుగైదు కనిపిస్తే బ్లేడుతో గీకేశారు. నెలన్నర తిరిగేసరికి నలభై దాకా అయ్యాయి, పక్కనున్న జోవాలు ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదు. ఒకరు మైలుతుత్తం వేయమన్నారట, ఇంకొకరు రాళ్ళన్నీ తీసి ఉడకబెట్టమన్నారట. దయచేసి ఈ రెండూ చేయకండి.

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. అది అనిమోన్లతో పాటు జోవాలను, రొయ్యలను, నత్తలను కూడా చంపుతుంది. అంతటితో ఆగదు. రాళ్ళు, ఇసుక ఆ రాగిని పట్టుకుని తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంటాయి. ఆ ట్యాంకులో మళ్ళీ రొయ్య బతకడం కష్టం. ఉడకబెట్టడంతో మీ ప్రాణానికే ముప్పు. జోవాంథిడ్స్, పాలీథోవా జాతుల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి అంటుకుని ఉన్న రాయిని ఉడకబెట్టినా, మరిగే నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దినా ఆ విషం ఆవిరితో గాల్లోకి లేస్తుంది. అలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు వేరే దేశాల్లో ఒకటికి రెండుసార్లు జరిగాయి.

గీకితే ఎందుకు పెరిగాయంటే, వేరుశనగ చేలో తుంగను పైపైన కోస్తే ఏమవుతుందో ఇదీ అంతే. ఐప్టేసియా అడుగు రాయికి అతుక్కుని ఉంటుంది. ఆ అడుగులో ఆవగింజంత ముక్క రాయి మీద మిగిలినా రెండు మూడు వారాల్లో కొత్త అనిమోన్‌గా లేస్తుంది. ఎవరూ ముట్టుకోకపోయినా అది రాయి మీద కదులుతూ కదులుతూ అడుగు ముక్కలు వదులుతుంటుంది. మీ బ్లేడు ఆ పనిని వేగం చేసింది. ఇంత మొండిది, ఇంత తేలిగ్గా పెరిగేది కాబట్టే పగడాల మీద పరిశోధన చేసే ప్రయోగశాలలు దీన్ని పనిగట్టుకుని పెంచుతాయి.

మందు పెట్టేముందు అది ఐప్టేసియానో కాదో చూసుకోండి. ఐప్టేసియా సన్నటి గొట్టంలా, గాజులా పారదర్శకంగా ఉంటుంది. నోటి చుట్టూ ఉండే టెంటకిల్స్ (మీసాల్లాంటి పోగులు) పొడుగ్గా, కొస సూదిగా ఉంటాయి. నీడ పడితే చాలు సర్రున రాతి కంతలోకి వెళ్ళిపోతుంది. టెంటకిల్స్ పొట్టిగా, కొస గుండ్రంగా ఉబ్బి, పచ్చగానో ఊదాగానో ఉంటే అది మజానో అనే ఇంకో కలుపు అనిమోన్. ఈకల్లాంటి పింఛం విప్పేది ఫెదర్ డస్టర్ పురుగు, దాని జోలికి పోవద్దు. ఈ తేడా తెలియాల్సింది ఎందుకంటే ఐప్టేసియాను తినే జీవాల్లో చాలావరకు మజానోను ముట్టవు. మజానోకు సిరంజితో మందు పెట్టడం తప్ప దారి లేదనుకోండి.

ఇక సిరంజి పని. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి కావాలి, మన రీఫ్ వాళ్ళు కాల్క్‌వాసర్ అనేది ఇదే. లాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో దొరుకుతుంది. కిళ్ళీ కొట్టు సున్నం కూడా పేరుకు అదే పదార్థం, కానీ అందులో ఇంకేం కలిసిందో తెలియదు, వాసన కోసం ఏవేవో కలిపేవాళ్ళూ ఉన్నారు. ట్యాంకుకు అది వద్దు. అర టీస్పూను పొడిలో ఆర్వో నీళ్ళు చుక్కచుక్కగా వేస్తూ ఇడ్లీపిండి అంత చిక్కగా కలపండి. పల్చగా ఉంటే అనిమోన్ మీద నిలవదు, పొగలా చెదిరి జోవాల మీద పడుతుంది. మందుల షాపులో 3 మి.లీ. సిరంజి, 18 గేజి సూది తీసుకుని సూది మొన విరిచేయండి. ఇన్సులిన్ సిరంజి కొనకండి, దాని సూది సన్నం కాబట్టి రెండో అనిమోన్‌కే పూడుకుపోతుంది. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ట్యాంకు లైట్లు వెలిగిన గంట లోపు చేయండి. రాత్రంతా తగ్గిన పీహెచ్ (నీళ్ళ ఆమ్ల-క్షార స్థాయి) ఇంకా కిందే ఉంటుంది కాబట్టి సున్నం దాన్ని కొంత పెంచినా ఫర్వాలేదు, అనిమోన్లు కూడా విచ్చుకుని ఉంటాయి. వేవ్‌మేకర్ (అలలు పుట్టించే పంపు), రిటర్న్ పంపు అన్నీ ఆపి నీళ్ళు నిలకడ కావడానికి రెండు నిమిషాలు ఆగండి. సిరంజిని పైనుంచి నిదానంగా దించండి, పక్కనుంచి తగిలితే ముడుచుకుపోతుంది. నోటి మీద ఒక బొట్టు పెట్టి, అది మింగడం మొదలుపెట్టాక మిగతాది మొత్తం కప్పేలా వదలండి. అది కంతలోకి వెళ్ళిపోతే వెంటనే కంత మూతినే ముద్దతో మూసేయండి. తెల్లటి దారాలు బయటికి చిమ్మితే కంగారుపడొద్దు, అవి దాని కుట్టే పోగులు. పంపులు పావుగంట తర్వాత వేయండి. గంట ఆగి తెల్లగా గడ్డకట్టిన ముద్దను, చచ్చిన కండను ఎయిర్ ట్యూబుతో సైఫన్ చేసి బకెట్లోకి లాగేయండి. ఆ నీళ్ళు మళ్ళీ ట్యాంకులోకి పోకూడదు.

అందరూ తప్పు చేసేది మోతాదు దగ్గర. రాళ్ళు, ఇసుక పోగా మీ ట్యాంకులో నికరంగా 120 లీటర్ల నీళ్ళు ఉంటాయనుకుందాం. ఒక గ్రాము పొడి పూర్తిగా కరిగితే ఆల్కలినిటీ (నీళ్ళలోని క్షార నిల్వ, దాని కొలమానం డీకేహెచ్) 0.6 డీకేహెచ్ దాకా, పీహెచ్ 0.2 నుంచి 0.3 దాకా పెరుగుతుంది. కోరల్స్ అంతవరకు ఓర్చుకుంటాయి. ఆవేశంలో ఒకే పూట నలభైకీ పెడితే చేపలు రొప్పుతాయి, చచ్చినవన్నీ ఒకేసారి కుళ్ళి అమ్మోనియా లేస్తుంది. కాబట్టి రోజుకు ఒక గ్రాము దాటొద్దు, అంటే ఐదారు అనిమోన్లు. మధ్యలో ఒక రోజు వదలండి. మన ఎండాకాలంలో ట్యాంకు 28 డిగ్రీలు దాటుతుంటే ఇంకా తగ్గించి మూడు నాలుగే చేయండి, ఎందుకంటే వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, కరెంటు పోతే అదీ ఉండదు. రెడ్ సీ వాళ్ళ ఐప్టేసియా-ఎక్స్ దొరికితే అదే పద్ధతిలో వాడొచ్చు. దాన్ని మేతనుకుని మింగుతుంది కాబట్టి గురి కాస్త తప్పినా పని జరుగుతుంది.

నిమ్మరసం, వెనిగర్ చిన్నవాటి మీద కొంతవరకు పనిచేస్తాయి, పెద్దవి తట్టుకుని మళ్ళీ లేస్తాయి. బాత్రూం యాసిడ్, డ్రైనేజీ పొడి అస్సలు వద్దు. వాటిలో రంగులు, సబ్బు, ఇంకా ఏవేవో ఉంటాయి.

సిరంజికి పెద్దవి దొరుకుతాయి, రాతి వెనకున్న పిల్లలు దొరకవు. వాటికి రొయ్యలే దిక్కు. పెప్పర్‌మింట్ ష్రింప్ మీ ట్యాంకుకు మూడు నాలుగు చాలు. కొనేటప్పుడు మోసపోకండి: అదే పేరు చెప్పి క్యామెల్ ష్రింప్ అంటగడుతుంటారు, అది ఐప్టేసియాను వదిలేసి మీ జోవాలను తింటుంది. పెప్పర్‌మింట్ ఒళ్ళు పారదర్శకంగా ఉండి సన్నటి ఎర్ర గీతలు పొడుగునా ఉంటాయి. క్యామెల్‌కు ఎర్రటి ఒంటి మీద తెల్ల పట్టీలు, చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, వీపు గూనిగా ఉంటుంది, ముక్కు ముల్లు పైకీ కిందికీ కదులుతుంది. చెన్నై నుంచి తెప్పించుకుంటే సంచి ఒక్కసారి గుమ్మరించకుండా ముప్పావు గంట డ్రిప్ పెట్టి, అంటే ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా కలుపుతూ అలవాటు చేసి, వదలండి. మొదటి పదిహేను రోజులు రాత్రిపూట మేత వేయొద్దు. కడుపు నిండిన రొయ్య అనిమోన్ వైపు చూడదు. అయితే ఒకటి, ఇవి ఎప్పుడైనా జోవాలను కూడా గిల్లొచ్చు, గమనిస్తూ ఉండండి.

బెర్గియా నుడిబ్రాంక్ అనే గుల్లలేని సముద్రపు నత్త దొరికితే అంతకంటే నమ్మకమైనది లేదు, అది ఐప్టేసియా తప్ప ఇంకేదీ తినదు. కానీ రొయ్యలను పెట్టాక దాన్ని తేవద్దు, రొయ్యలకు అది విందు. రాస్ చేపలున్నా అంతే. పైగా రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, తిండి అయిపోగానే అదీ చచ్చిపోతుంది. ఐప్టేసియాను తింటుందని కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప పేరు మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. 150 లీటర్లలో ఆ చేపను పెట్టడం దాన్ని చంపడమే. దానికి ఇంతకు మూడింతల ట్యాంకు కావాలి, మేత పట్టించడమూ కష్టం.

మేత సంగతి కూడా చూసుకోండి. ఫ్రోజెన్ క్యూబ్‌ను ఐసు నీళ్ళతో సహా వేయకుండా జల్లెడలో కడిగి వేయండి, కోరల్ పౌడర్ నెలపాటు ఆపేయండి. మేత తగ్గిస్తే ఐప్టేసియా చావదు, దాని ఒంట్లోని ఆల్గే వెలుతురుతోనే దానికి తిండి పెడుతుంది. పెరగడం మాత్రం నెమ్మదిస్తుంది. అలాగని నైట్రేటు, ఫాస్ఫేటును సున్నాకు దించకండి, ముందు మీ కోరల్సే పస్తులుంటాయి. నైట్రేటు 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.05 దగ్గర ఉంటే చాలు. వంటింటి ఆర్వో మెషిన్ నీళ్ళు వాడుతుంటే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి చూడండి. తాగడానికి రుచి కోసం చాలా మెషిన్లు ముడి నీళ్ళు కొంచెం కలుపుతాయి, బోరు నీళ్ళలోని కల్మషం అలా ట్యాంకులోకి వస్తుంది. వెనక డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే ఫిల్టర్) తగిలించి సున్నాకు తెచ్చుకోండి.

ట్యాంకు శుభ్రమయ్యాక మళ్ళీ వచ్చిందంటే చాలావరకు సంప్ (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) నుంచే. నీళ్ళు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో బాక్సు, స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం) కింది భాగం, రిటర్న్ పైపు లోపల చీకట్లో కూడా ఇవి హాయిగా బతుకుతాయి. టార్చి వేసి చూడండి. పంపులు, స్కిమ్మర్ తీసి సగం వెనిగర్, సగం నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి కడిగేయండి.

ఒక రాయి నిండా ఇవే ఉండి, దాని మీద కోరల్ ఏదీ లేకపోతే తీసి మిద్దె మీద ఎండకు పడేయండి. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, మే ఎండలో నాలుగు వారాలకు దాని లోపల ఏదీ మిగలదు. మళ్ళీ ట్యాంకులో పెట్టేముందు వేరే డ్రమ్ములో ఉప్పునీళ్ళలో అమ్మోనియా సున్నా అయ్యేదాకా ఉంచండి. ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ రాయి తీయొద్దు, అమ్మోనియాను శుద్ధి చేసే మీ బ్యాక్టీరియా ఉండేది వాటిలోనే. బదులు రాయి కావాలంటే డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి) కొనండి. సముద్రం నుంచి పగడపు రాయి తెచ్చే ఆలోచన వద్దు, రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి.

కొత్త ఫ్రాగ్ (పెద్ద కోరల్ నుంచి కోసిన చిన్న ముక్క) కొన్న ప్రతిసారీ అది అతికి వచ్చిన ప్లగ్‌ను, అంటే చిన్న దిమ్మను, నమ్మకండి. కోరల్‌ను ముంచి పురుగులు వదిలించే డిప్ మందులకు ఐప్టేసియా చావదు. జోవాను ప్లగ్ నుంచి జాగ్రత్తగా విడదీసి, గ్లౌజులతోనే, కొత్త ప్లగ్ మీద సూపర్‌గ్లూ జెల్‌తో అతికించి, పాతది పారేయండి. విడిగా చిన్న ట్యాంకులో నెల ఉంచి, భూతద్దంతో అడుగు కూడా చూసి అప్పుడు పెట్టండి. ఇప్పుడున్న నలభైకి మాత్రం ఆరు వారాలు పడుతుందని లెక్కేసుకోండి. చంపిన చోటును ఫోటో తీసి పెట్టుకుని, పదిహేను రోజులకు అదే చోట మళ్ళీ చూడండి. అక్కడ చిన్న చుక్కలా తలెత్తితే అప్పుడే ఒక బొట్టు సరిపోతుంది.