సెయింట్ హెలెనా ఆలివ్ మల్లెకు చుట్టం కాదండీ, రేగుకు చుట్టం

సెయింట్ హెలెనా ఆలివ్ చెట్టు కుటుంబం రామ్నేసి అని ఇచ్చిన మీ గైడ్‌లో అచ్చుతప్పేమీ లేదండి. "పేరులోనే ఆలివ్ ఉంటే ఓలియేసి (మల్లె, ఆలివ్‌ల కుటుంబం) కదా, రామ్నేసి (రేగు కుటుంబం) అని ఎందుకు ఇచ్చారు" అని అడిగారు, సరిగ్గా ఇదే పొరపాటు ఎమ్మెస్సీలో నేనూ చేశాను. అంతరించిపోయిన మొక్కల మీద సెమినార్‌కి ఈ చెట్టును తీసుకుని, పేరు చూసి చార్ట్ మీద ఓలియేసి అని రాసేశాను. మా మాస్టారు తప్పు అని కూడా అనలేదు. "వెనకాల రేగు చెట్టు పూతకొచ్చింది, ఒక రెమ్మ తీసుకురా, వస్తూ వస్తూ పారిజాతం కింద నాలుగు పూలు ఏరుకురా" అన్నారు, అంతే.

రేగు పువ్వు మిరియం గింజంత ఉంటుంది, ఆకు మొదట్లో గుత్తిగా పూస్తుంది, మనం పండు కోసం తప్ప ఆ చెట్టు వైపు చూడం కాబట్టి పువ్వు చాలామందికి తెలియదు. సూదితో విడదీసి లెన్స్ కింద పెట్టాను. ఐదు రక్షక పత్రాలు (మొగ్గను కప్పి ఉంచే బయటి రేకులు) నక్షత్రంలా విచ్చుకుని ఉన్నాయి, వాటి సందుల్లో బుల్లి గరిటెల్లాంటి ఐదు ఆకర్షక పత్రాలు (పూరేకులు), ఒక్కో గరిటెలో ఒక్కో కేసరం (పుప్పొడి ఉండే కాడ) ఒదిగి ఉంది. మామూలుగా కేసరాలు రెండు ఆకర్షక పత్రాల మధ్యలోకి వస్తాయి, ఇక్కడ సూటిగా వాటికి ఎదురుగానే వస్తాయి. మధ్యలో తేనె ఊరే బిళ్ల ఒకటి. ఇదీ రామ్నేసి గుర్తు. పారిజాతం గొట్టం చీలిస్తే రెండే రెండు కేసరాలు కనిపించాయి. పారిజాతం, మల్లె, సన్నజాజి, అసలైన ఆలివ్ అన్నీ ఓలియేసివే. ఆ పొద్దున్న చూసింది ఇప్పటికీ మర్చిపోలేదు, మీరూ పుస్తకం పక్కన పెట్టి ఒకసారి ఈ పని చేయండి.

మరి ఆలివ్ అనే పేరు ఎలా వచ్చిందంటే, సెయింట్ హెలెనా ద్వీపానికెళ్లి స్థిరపడ్డవాళ్లు తమకు తెలిసిన చెట్ల పేర్లే అక్కడి చెట్లకు పెట్టుకున్నారు. ఆ ద్వీపంలోని ఎబొనీ అనే చెట్టు కూడా అంతే, మన తునికి వంశం కాదు, మందార, బెండల కుటుంబం.

సెయింట్ హెలెనా అంటే దక్షిణ అట్లాంటిక్‌లో నెపోలియన్ 1821లో చనిపోయిన ద్వీపం, మొత్తం కలిపి 122 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఈ చెట్టుకు మొదట ఫైలికా ఎలిప్టికా అని పేరు పెట్టినది విలియం రాక్స్‌బర్గ్. మన సామర్లకోటలో తోట పెట్టి, కోరమాండల్ తీరం మొక్కలను వాటి తెలుగు పేర్లతో సహా రాసుకున్న ఆయనే! 1813-14లో ఆరోగ్యం బాగోలేక ఇంగ్లండ్ వెళ్తూ ఆ ద్వీపంలో ఆగి అక్కడి మొక్కల జాబితా తయారు చేశాడు. తర్వాత 1862లో జోసెఫ్ హుకర్ (మన సిలబస్‌లోని బెంథామ్-హుకర్ మొక్కల వర్గీకరణ పద్ధతిలో హుకర్ ఈయనే) దీన్ని ఫైలికా నుంచి విడదీసి నెసియోటా అనే కొత్త ప్రజాతి (జీనస్) కట్టాడు. గ్రీకులో ఆ మాటకు ద్వీపవాసి అని అర్థం. అందులో ఉన్నది ఈ ఒక్క జాతే, నెసియోటా ఎలిప్టికా. డీఎన్ఏ పరీక్షల్లో కూడా ఫైలికాకు దగ్గరి చుట్టమనే తేలింది. ఫైలికాలు ఎక్కువగా దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో ఉంటాయి. క్రమం (ఆర్డర్) ఏదని అడిగితే, బెంథామ్-హుకర్ ప్రకారం సెలాస్ట్రేల్స్ అని, ఏపీజీ (డీఎన్ఏ ఆధారంగా చేసిన కొత్త వర్గీకరణ) ప్రకారం రోజేల్స్ అని రాయండి, ఏ పద్ధతో చెప్పకుండా రాస్తే మాత్రం మార్కులు పోతాయి.

ఎలా పోయిందనేది మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. పోర్చుగీసువాళ్లు వదిలిన మేకలు, కలప కోసం, వంటచెరకు కోసం చెట్లు నరకడం, తర్వాత నార తోటల కోసం కొండలు చదును చేయడం, ఇలా అడవి కరిగిపోయింది. అంతరించిందనుకున్న చెట్టును 1977లో జార్జ్ బెంజమిన్ అనే ద్వీపవాసి డయానాస్ పీక్ శిఖరం దగ్గర చూశాడు. ఒక్కటే చెట్టు. ఇక్కడే వచ్చింది చిక్కు. దీనికి తన పుప్పొడి తనకు దాదాపు పనికిరాదు, వేరే చెట్టు పుప్పొడి కావాలి, ఆ వేరే చెట్టు భూమ్మీద లేదు. పూలు పూసేది, లేత గులాబీ రంగులో గుత్తులుగా, గింజ కట్టడమే గగనం. కొమ్మలు నాటితే వేళ్లు పట్టడం ఇంకా కష్టం. అడవిలోని చెట్టు 1994లో చనిపోయింది. దాన్నుంచి పెంచిన చివరి మొక్కకు శిలీంధ్రం పట్టింది, చెదలూ పట్టాయి, ఎంత ప్రయత్నించినా దక్కలేదు, 2003 డిసెంబరులో అదీ పోయింది. 1980లో అదే బెంజమిన్ కంటపడిన ఎబొనీ కొమ్మలు మాత్రం బాగా వేళ్లు పట్టాయి, ఇప్పుడు అవి వేలల్లో ఉన్నాయి. రెండింటి కథా పక్కపక్కనే చదివితే నాకైతే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

రేగు పువ్వు కోసేటప్పుడు పూర్తిగా విచ్చుకున్నదే తీసుకోండి, మొగ్గలో కేసరం గరిటెలో దాక్కుని సరిగా కనపడదు.